డబ్బా అడుగున కోట

పంజగుట్టలో పాత స్టాంపుల దుకాణం. 2009. గురువారం, పొద్దున పదకొండు గంటలు.

“రాజనర్సయ్య గారంటే మీరేనా? ఇది మీ దుకాణంలోదేనా చూడండి.”

“జర్మనీ కోట స్టాంపు. నా దగ్గరిదేనమ్మా. నీకెక్కడ దొరికింది?”

“మావారి టిఫిన్ డబ్బా అడుగున అంటుకుని వచ్చింది. ఫణీంద్ర గారని, ఇదివరకు మీ పేరు చెప్పేవారు. నేను మంజూషని. అమీర్‌పేటలో ఉంటాం.”

“ఫణీంద్రనా... ఆదివారం ఆదివారం వస్తడమ్మా. కోటల స్టాంపులు జమ చేస్తడు కదా.”

“ఇది డబ్బాలో వచ్చింది నిన్న. నిన్న బుధవారమండీ.”

“బుధవారమా? ఆఁ, నిన్న సుత జర వచ్చిండు. ఆఫీసు అయినంక.”

“ఆ బేసిన్లో ఏంటి?”

“స్టాంపులే. కవర్ల మీదికెళ్లి ఊడాలంటే నీళ్లల్ల నానబెట్టాలె. అయినంక గిట్ల పేపర్ మీద బోర్లిస్తం, ఆరనీకి.”

“ఇవన్నీ ఆయన ఆరబెట్టినవేనా?”

“కాదు కాదు. నేనే. కూసో అమ్మా, చాయ్ చెప్త.”

“ఆ బ్యాగు ఆయనది.”

“ఏ బ్యాగు?”

“అదే. అందులో లాప్‌టాప్ లేదు. నాకు తెలుసండీ.”

“చాయ్ వస్తది, ముందు కూసోమ్మా.”

“ఎక్కడికెళ్లారు?”

“నీళ్లు తేనీకి పోయిండు. అమ్మా, గట్టిగ అనకు. నౌకరీ పోయిందని ఇంట్ల చెప్పనీకి నోరు రాలేదన్నడు. పొద్దున వస్తడు, పొద్దుగూకినంక పోతడు. మాట లేదు, ముచ్చట లేదు. కోటలు ఏరుకుంట కూసుంటడు.”

“కోటలే ఎందుకట?”

“నేను సుత అడిగిన. ‘లోపలికి పోయి తలుపేసుకోవచ్చు కదన్నా’ అన్నడు.”

“ఇంట్లోనూ అంతే. తింటారు, పడుకుంటారు. నాకు కోపం రావాలి కదండీ? రావట్లేదు. ఏడుపూ రావట్లేదు. ఏమీ అనిపించట్లేదు.”

“ఇప్పుడే వస్తడు. ఏమనకమ్మా.”

“ఏమంటాను? వెళ్లిపోతాను. నేను వచ్చినట్టు చెప్పకండి.”

“చెప్పనమ్మా. ‘మా మంజూష నౌకరీ ఉంది, అదొక్కటే ధైర్యమన్నా’ అంటడు. గా ఒక్క మాట మాత్రం రోజూ అంటడు.”

“అంటారా?”

“అంటడు. అవునమ్మా, గిప్పుడు నువ్వు ఆఫీసుల ఉండాలె కదా?”

“సోమవారం మమ్మల్నీ తీసేశారండీ. రోజూ ఆయన బస్సెక్కేదాకా చూసి, నేను అటువైపు వెళ్లే బస్సు ఏదొస్తే అదెక్కుతున్నాను.”