రాక్షసబల్లికి జీరో టికెట్

"బైండింగ్ అయిపోయింది చెల్లె, గమ్ ఆరుడే తరువాయి. పచ్చి గమ్ మీద పుస్తకం తెరిస్తే నడుం ఇరుగుతది. జర కూసో. జోహరాబీ చాచీ, మా రజితకు అల్లం మంచిగ దంచి ఒక ఛాయ్ ఇయ్యి," అన్నాడు యుగేందర్.

జనగామలో యుగేందర్ జిరాక్స్, టైపింగ్ దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది జోహరాబీ ఛాయ్ హోటల్. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. దంతాలపల్లి నుంచి ఇప్పుడే బస్సు దిగి వచ్చిన రజిత బెంచీ కొసన కూర్చుంది గాని ప్రాణమంతా ఆ షట్టర్ కిందే ఉంది. మిరప వేర్ల కొసల్లో కణాలు ఎలా చీలుతాయో చూస్తూ ఏళ్లకేళ్లు మైక్రోస్కోపు మీద వంగిన మనిషి. ఈరోజు సాయంత్రం ఐదింటిలోపు ఆ పరిశోధన థీసిస్ తీసుకెళ్లి యూనివర్సిటీలో ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అడగాల్సిన గడువులన్నీ ఇంతకుముందే అడిగేసింది. ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన కారు డ్రైవర్ కుతుబుద్దీన్ కూడా ఛాయ్ గ్లాసుతో పక్కనే చేరాడు.

"ఇంకెంతసేపన్నా?" అంది రజిత.

"గింతదానికే గాబరైతే ఎట్ల? నా చేతుల మీదికెల్లి పోయిన థీసిస్ ఏదన్న ఆగిందా చెప్పు. నేను పీహెచ్‌డీ చెయ్యలే గాని, చేసినోళ్లందరికంటె ముందుగాల చదివింది నేనే. గైడు సార్లు పేజీలు తిప్పి సంతకం పెడ్తరు, నేనైతే అక్షరం అక్షరం కొడ్త. ఓసారి ఒక పెద్ద సారు కణాల ఫోటో పట్టుకొచ్చిండు. నేను చూసిన. 'సారూ, గీ మూలకున్నది కణం గాదు, అద్దం మీద మీ ఏలిముద్ర' అన్న. సారు కండ్లద్దాలు తుడ్సుకొని మళ్ల చూసిండు. ఇగ లేచి నాకు దండం పెట్టిండు."

"అయితదయితది. ఒక్కోపారి గట్ల అయితది," అన్నాడు కుతుబుద్దీన్.

ఆ ఒక్క మాటకే యుగేందర్ బెంచీ మీద కాలు మడిచి కూర్చున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా ముచ్చట నలుగుట్ల పడ్డది. భూపాలపల్లికెల్లి ధీరజ్ అని ఒకాయన వచ్చిండు. రాళ్లయిన బొక్కల మీద, గదే పాతకాలం జంతువుల ఎముకల మీద పరిశోధన. సంచి నిండ ఫోటోలు. 'తమ్మీ, ఫోటోలు సరే, బొక్క ఏదీ' అన్న. 'దొరకలేదన్నా' అని మొకం చిన్నబుచ్చుకున్నడు. నాకు పాపమనిపించి మహదేవపూర్ దాక పోయిన, గోదారి ఒడ్డుకు. జేబుల ప్రింటర్ ఇప్పే స్క్రూడ్రైవర్ తప్ప ఏం లేదు. గట్ల కుచ్చిన్నో లేదో టంగుమన్నది. తవ్వుతున్న, తవ్వుతున్న, బొక్క ఒడుస్తలేదు. రాక్షసబల్లి తొడ బొక్క! మన ఆర్టీసీ బస్సు ఎంతుంటదో గంత."

"మరి గంతదాన్ని ఎట్ల తెచ్చినవ్?" అన్నాడు కుతుబుద్దీన్.

"గా బస్సులనే తెచ్చిన."

"బస్సంత బొక్క బస్సుల ఎట్ల పట్టింది బేటా?" అంది జోహరాబీ, పాలు వడకడుతూ.

"ఐమూలగ పెట్టిన చాచీ, ఐమూలగ! కండక్టరక్క వచ్చి, ఇది ఆడదా మొగదా అన్నది. ఆడదే అన్న. ఆడదైతే పైసల్లేని జీరో టికెట్ గదా. మరి ఆధార్ ఏదీ అన్నది. 'అక్కా, ఆధార్ రాకముందే సచ్చిపోయింది పాపం' అన్న. ఆమెకు కండ్లళ్ల నీళ్లొచ్చినయ్. టికెట్ కొట్టి, కిటికీ పక్కకు జరిపి కూసోవెట్టింది."

కుతుబుద్దీన్ నవ్వాడు. రజిత నవ్వలేదు. ఫోన్‌లో టైం చూసుకుంది. రెండు దాటింది.

"అన్నా, నేను పోయి ఒక్కసారి ముట్టుకొని చూస్త. ఆరితే ఆరింది, లేకుంటే లేదు."

"వద్దు!" యుగేందర్ గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. వెంటనే తగ్గించాడు. "ముట్టుకుంటె మచ్చ పడ్తది చెల్లె. బంగారు అక్షరాలు. కూసో. అసలు ముచ్చట నీదే, కణాలది. గా బొక్కను దుకాణంల ఏడ పెట్టాలె? జాగ లేకపాయె. లామినేషన్ మిషన్ మీద ఆనిచ్చిన. మిషన్ వేడికి బొక్క లోపటి కణం ఒకటి కండ్లు తెరిచింది."

"రాయైన బొక్కల కణం బతికుండదన్నా," అంది రజిత నీరసంగా.

"నీ మైక్రోస్కోపు కింద బతకదు. నా మిషన్ మీద బతికింది. ఒకటి రెండాయె, రెండు నాలుగాయె. నేను అటు తిరిగి ఆధార్ కార్డు జిరాక్స్ తీసి ఇటు తిరిగేవరకు తొడకు మోకాలొచ్చింది. అన్నం తిని వచ్చేవరకు తలకాయొచ్చింది. పొద్దు వాలకముందే తోక షట్టర్ల నుంచి ఎల్లి, మెయిన్ రోడ్డు దాటి, సూర్యాపేట రోడ్డు మీద పడ్డది. బస్సులన్ని ఆగిపోయినయ్."

"నేను ఇరవయ్యేండ్ల సంది గా రోడ్డు మీదనే తిరుగుతున్న. నాకెన్నడు తోక అడ్డం రాలేదే?" అన్నాడు కుతుబుద్దీన్.

"గా దినం నువ్వు కురవి కిరాయికి పోయినవ్!" అని కసిరాడు యుగేందర్. మొహం మీది చెమట తువ్వాలుతో తుడుచుకున్నాడు. రజిత బెంచీ మీంచి లేవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి మాట వేగం పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దుకాణంల సీసీ కెమెరా ఉన్నది గదా, బల్లి పెరుగుడంత గండ్ల పడ్డది. బల్లి టీవీల తన బొమ్మ తను చూసుకొని, 'గట్ల గాదు, లైటు కుడిపక్క పెట్టు, నువ్వు జర ఎనుకకు జరుగు' అనుడు షురూ చేసింది. సినిమా తయారైంది. హైదరాబాదుల ఆడింది. గప్పుడు లొల్లి మొదలాయె. గీ సినిమాకు అసలు కర్త ఎవరు? చెప్పి తీయించిన బల్లా? తీసిన కెమెరానా? పెద్ద పెద్దోళ్లు పంచాయితి పెట్టిన్రు. కురవి విజయ మేడం గీ ముచ్చట మీదనే థీసిస్ రాస్తున్నది గదా, ఆమె గూడ తేల్చలేకపోయింది. ఆఖరికి నన్ను పిలిచిన్రు. 'బల్లిని ఎవడు తెచ్చిండు' అని ఒక్క మాట అడిగిన. అందరు లేచి చప్పట్లు కొట్టిన్రు."

"అన్నా, నీకు దండం పెడ్త. పుస్తకం ఇయ్యి, పోత."

"ఇస్త చెల్లె, ఇయ్యకుంట ఎటు పోత. ఒక్కటే ముక్క ఉన్నది. గా సినిమా మీద, గా బొక్క మీద, గా కణం మీద దునియ మొత్తం పరిశోధన పేపర్లు రాసింది. రాసినోడల్ల కింద నా పేరు పెట్టుడే. ఎవల పేపర్ల ఎవల పేరున్నదో లెక్కవెట్టుడే మన మానుకోట నగేశ్ పరిశోధన. ఆయన లెక్కవెట్టబోతే కంప్యూటర్ పొగలొచ్చి బందైంది. ఏ పేపర్ తీసినా 'యుగేందర్, జనగామ'. ఆఖరికి నేను పుట్టకముందు అచ్చయిన పేపర్లల్ల గూడ నా పేరు ఎల్లింది!"

"పుట్టకముందెట్ల ఎల్లుతది?" కుతుబుద్దీన్ గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్లకు ముందే తెల్సు, గిట్లాంటోడొకడు పుడ్తడని! గది చూసి దేశదేశాల పండితులు కూసొని ఒక తీర్మానం చేసిన్రు. ఇగ నుంచి కణాలకొక పుస్తకం, బొక్కలకొక పుస్తకం అని ఎవడు రాయొద్దు. అన్ని ఒక్క పుస్తకంలనే ఉండాలె. మొదలు కణం, కొన్ని పేజీలైనంక సినిమా, మళ్ల జర కణం, నడుమ రాక్షసబల్లి, కొసకు ఎవల పేరు ఎవల పేపర్లున్నదో గది. గసొంటి పుస్తకం దునియల ఒక్కటే ఉన్నది. గది గూడ ఇయ్యాలనే తయారైంది. మన జనగామల, మన దుకాణంల."

కుతుబుద్దీన్‌కు ఇంకా నవ్వే వస్తోంది. జోహరాబీ మాత్రం రజిత మొహం చూసి పొయ్యి చిన్నగా చేసింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా," అంది రజిత మెల్లగా. "గా పుస్తకం అట్ట మీద ఎవరి పేరు కొట్టినవ్?"

యుగేందర్ ఆకాశం చూశాడు. షట్టర్ చూశాడు. "ఆ తర్వాత ఏమైందో తెలు..."

"పేరు చెప్పన్నా."

"నీదే చెల్లె."

ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ, తన గొంతే కానట్టు సన్నగా మొదలుపెట్టాడు యుగేందర్.

"మీ నలుగురి థీసిస్‌లు ఒక్కదిక్కే ప్రింట్ తీసి పెట్టిన. పొద్దుగాల గాలిదుమారం వచ్చింది. కాయితాలన్ని లేచినయ్. ఏరి, పేజీ నంబర్లు చూసి పేర్చిన. ఇరవై ఎనుక ఇరవై ఒకటి, ఇరవై ఒకటి ఎనుక ఇరవై రెండు. సక్కగనే పేర్చిన. అన్నిటి అక్షరం ఒక్కటే, అంచులు ఒక్కటే. ఎవల ఇరవై ఒకటో చూడలే. గమ్ పెట్టినంక తెరిచి చూస్తే, నీ మిరప వేర్ల పక్కపొంటి బల్లి బొమ్మ ఉన్నది."

"మళ్ల ప్రింట్ తియ్యకపోయినవా!" రజిత లేచి నిలబడింది. "గంట పని గదా అన్నా! నా బతుకన్నా గది!"

"తీద్దామనే కూసున్న. ఫైలు పదిలంగనే ఉన్నది. ఇట్ల మీట నొక్కిన్నో లేదో కరెంటు పోయింది. గప్పుడే నువ్వు బస్సు దిగి వస్తున్నవ్. నీ మొకం చూసి చెప్పబుద్ధి కాలే. కరెంటు వచ్చేదాక నిన్ను జర ముచ్చట్ల పెడ్దామనుకున్న. వచ్చుడు వచ్చుడే పరుగున పోయి తీద్దామని. నా తప్పేం లేదు చెల్లె, గా కరెంటోళ్లు..."

"కరెంటా?" అంది జోహరాబీ. "గది ఎప్పుడో వచ్చింది గదా బేటా. చూడు, నా ఫ్రిజ్ గుర్రుమంటనే ఉన్నది. నీ బల్లి తోక సూర్యాపేట రోడ్డు మీద పడ్డప్పుడే వచ్చింది."

యుగేందర్ నోరు తెరుచుకుని ఫ్రిజ్ వైపు చూశాడు. అప్పటికే రజిత రోడ్డు సగం దాటి పరిగెత్తుతోంది. కుతుబుద్దీన్ ఆమె వెనకాలే వెళ్లి షట్టర్ కింద రెండు చేతులూ పెట్టి పైకి లేపాడు.

"మరి వచ్చిందని ఒక్కరన్న చెప్పకపోతిరి చాచీ?" అన్నాడు యుగేందర్ ఏడుపు గొంతుతో.

"నడుమ మాట్లాడనిస్తివా బేటా?"