లోపలికి పడిన కుట్టు

వసారాలో పాత కుట్టుమిషను ముందు పెదనాన్న. గుమ్మంలో, భుజాన పసిబిడ్డతో, చేతిలో సంచితో అతని తమ్ముడి కూతురు.

"మీ నాన్న దొంగ. ముందు ఆ మాట ఒప్పుకో, తర్వాత కూర్చో."

"పెదనాన్నా, పాపకి గుడ్డ డైపర్లు కుట్టిపెడతావేమోనని వచ్చా. కొన్నవి వేస్తుంటే తొడలు కందిపోతున్నాయి."

"ఏం, మీ ఇంట్లో దర్జీ లేడూ? వీధి వీధంతా కనబడేంత బోర్డు పెట్టుకున్నాడుగా. 'ఈ కొట్టు ఇద్దరికీ చాలదన్నయ్యా' అని నన్ను గెంటి మరీ పెట్టుకున్నాడు."

"నాన్న కుట్టాడు. అవీ..."

"అవీ?"

"అవీ ఒరుసుకుంటున్నాయి."

"ఇలా తే. చూద్దాం మహానుభావుడి పనితనం... ఛీ! ఇది పసిపిల్లకి కట్టే గోచీయా, గోనెసంచా? ఎక్కడి గుడ్డ ఇది?"

"కొత్త కాటనే పెదనాన్నా."

"అదే ఏడుపు. కొత్త గుడ్డ తడి పీలుస్తుందా? ఉతికి ఉతికి నలిగిన గుడ్డ కావాలి. నా పాత లుంగీ ఉంది, చించుతాలే. మీ నాన్న కోసం కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? ఈ ఎలాస్టిక్ చూడు, బేడీలు బిగించినట్టు. ఈ అంచు చూడు, పాము పాకినట్టు. కోట్లు కుట్టే మొనగాడట! తిరగెయ్... ఆగాగు. కుట్టు లోపలికి వేశాడేంటి?"

"వేస్తే?"

"పసిబిడ్డ గుడ్డకి కుట్టు బయటికుండాలే. నున్నటి వైపు ఒంటికి తగలాలి. మా నాన్న మా ఇద్దరికీ నేర్పిన మొదటి పని. నిద్రలో కుట్టినా మీ నాన్న ఈ తప్పు చెయ్యడు. నిజం చెప్పు, ఎవరు కుట్టారు?"

"నాన్నే."

"అబద్ధం. వాడు దొంగే గానీ చేతకానివాడు కాదు."

"నాన్నే పెదనాన్నా. ఏ వైపు ఏదో తెలీక... వేళ్ళతో తడుముకుని..."

"తడుముకుని?"

"చూపు ఆనట్లేదు పెదనాన్నా."

"ఎప్పట్నించి?"

"ఇది కడుపులో పడకముందు నుంచే. పొద్దున్నే సూదులన్నిటికీ నేనే దారం ఎక్కించి పెడుతున్నా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకైతే అసలే వద్దన్నాడు."

"అవును మరి, పొగరు! కళ్ళున్నన్నాళ్ళూ నా మొహం చూళ్ళేదు, ఇప్పుడేం చూస్తాడు. డాక్టరేమన్నాడు?"

"పోయిన చూపు ఇక రాదన్నాడు."

"మరి మనవరాల్ని?"

"మొహమంతా తడిమి చూశాడు. ముక్కు నీదేనన్నాడు."

"వాడి బొంద! నా ముక్కెలా ఉంటుందో వాడికేం గుర్తు... ఏయ్, ఏడవకు, పిల్ల లేస్తుంది. కూర్చో. తొడ కొలత తీసుకోవాలి."

"ఎప్పుడు రమ్మంటావు?"

"రేపు. ఇక్కడికి కాదు, కొట్టుకే రా. తలుపు తీసి ఉంచమను మీ నాన్నని. నా మిషను మోయించుకొస్తున్నానని చెప్పు. నోరెత్తాడా, ఈ మాట కూడా చెప్పు: వాడు నా దగ్గర గుంజుకున్నది పదడుగుల వెడల్పు, పద్దెనిమిదడుగుల పొడుగు. ఇద్దరికీ చాలుతుంది."