గంగమ్మ జాతరలో సిగ్నల్ పెట్టె

కాసులమ్మని ఒకావిడ ఉంది. దానయ్య పెళ్ళాం. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఒడ్డున నిలబడి కేకేస్తే పడవలో ఉన్నవాడు తల తిప్పి చూడాల్సిందే, అంత గొంతు అనుకో. మా సముద్రపొడ్డు ఊళ్ళో ఏటా గంగమ్మ జాతరకి ఘటం ఎత్తేది ఆవిడే, తల్లి పూనేదీ ఆవిడకే. పూనకం వచ్చాక ఆ ఏడు వేట ఎలాగుంటాది, గాలులు ఎలాగుంటాయి, అన్నీ తల్లి ఆవిడ నోటంట చెప్తాది. అప్పుడు ఊరిపెద్ద ముందుకొచ్చి "ఎవరమ్మా పలుకుతున్నది?" అని అడగాల. "నాను గంగమ్మని" అని జవాబు రావాల. ఆ మాట వచ్చిందా, ఇంక ఆ నోట ఏది వస్తే అది జరగాల్సిందే. మేకపోతు అడిగితే మేకపోతు, చీర అడిగితే చీర. ఊరిపెద్దనే వచ్చి కాళ్ళ మీద పడమందనుకో, పడాల. కాదనడానికి లేదు. ఇది మా ఊరి పద్ధతి, మీకు నవ్వొస్తే నవ్వుకోండి గానీ కథ వినండి.

అయితే ఒక ఏడు జాతరలో ఏటైందంటే, తల్లి పలుకుతోంది, జనం అంతా చేతులు జోడించి చూస్తున్నారు, చంటిపిల్లలు కూడా కిక్కురుమనట్లేదు. సరిగ్గా అప్పుడు ఎవడిదో ఫోను మోగింది. మోగితే మోగింది, అదేమైనా దేవుడి పాటా, గంతులేసే సినిమా పాట! ఆపుతాడేమో అనుకుంటే వాడు ఎత్తి, "ఆఁ, జాతరలో ఉన్నాను బావా, అమ్మోరు పలుకుతంది, మళ్ళీ చేత్తాను" అని అరిచాడంట. ఇంక చూసుకోండి, పిల్లలు నవ్వీశారు, ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు, డప్పు కొట్టేవాడి చెయ్యి ఆగిపోయింది. తల్లి సగం మాటలోనే దిగిపోయింది. ఆ ఏడు గాలుల సంగతి చెప్పనే లేదు. కాసులమ్మ మొహం కడుక్కుని లేచి, "నాను పొద్దుట్నించీ మంచినీళ్ళు ముట్టకుండా ఉంటే మీకు కచేరీ అయిపోయిందర్రా! ఈ ఫోన్ల నోరు కట్టీండి ముందు" అని దుమ్మెత్తి పోసింది. అంటే ఏటి, ముందు అడిగింది ఆవిడే. ఇది మర్చిపోకండి, ఎందుకంటే తర్వాత ఆవిణ్ణి ఆ మాటే పట్టుకుని దెప్పేరు.

ఊరిపెద్ద పేరు గురువులు. మంచివాడే, చెడ్డవాడని నేను అనను. కాకపోతే చేతికి కర్ర ఇస్తే ఈగని కొట్టడానిక్కూడా అదే ఎత్తే రకం. ఆయన తన అల్లుడికి చెప్పి ఒక పెట్టె తెప్పించాడు. ఎక్కణ్ణించి తెచ్చాడో అడక్కండి, బిల్లు లేదు. నల్లటి పెట్టె, పైన రొయ్య మీసాల్లాగ నాలుగైదు ఊచలు. బ్యాటరీ తగిలించి మీట నొక్కితే చుట్టుపక్కల ఏ ఫోనుకీ సిగ్నల్ ఉండదంట. వల బాగుచేసుకుంటున్న కాడ దీని మీద పెద్ద గొడవైంది. "పోలీసోళ్ళు ఒప్పుకుంటారా?" అని ఒకడు, "ఆస్పత్రికి ఫోను చెయ్యాల్సొస్తే ఎలాగ?" అని ఇంకొకడు. గురువులు, "ఫోన్లు లేనప్పుడు మనం బతకలేదేటి? మన జాతర, మన ఇష్టం" అన్నాడు. కాసులమ్మ మాత్రం, "మావా, తల్లి పలికినంత సేపే పెట్టు. ముందూ వద్దు, తర్వాతా వద్దు" అంది. సరే సరే అన్నాడు. అన్నాడే గానీ, చేతిలో మీట ఉన్నవాడు ఊరుకుంటాడా?

జాతర రోజు వచ్చింది. జాతరనాడు ఎవరూ వేటకెళ్ళరు. కానీ దానయ్యకి ముందురోజు వదిలేసిన వల ఒకటి ఉంది. చీకటుండగా పోయి తీసుకొచ్చేత్తానని ఒక్కడే పడవ తీశాడు. పొద్దున్న ఫోను చేశాడంట, "ఓలె, మోటారు దగ్గుతంది. ఆగిపోతే ఫోను చేత్తాను, పడవ పంపించు" అని. అలాగేనంది. ఫోను బొడ్లో సంచిలో పెట్టుకుని, తలస్నానం చేసి, పసుపు రాసుకుని ఘటం ఎత్తింది. మా ఊళ్ళో ఘటం ఎత్తాక రెండు కట్లు ఉన్నాయి. తల్లి పలికేదాకా ఘటం నేలకి తగలకూడదు, అది ఒకటి. జాతర చుట్టూ వేపాకు కట్టిన తాడుంటాది, తల్లి పలికి చల్లబడేదాకా ఆ తాడు ఎవరూ దాటకూడదు, అది రెండోది. చచ్చినా దాటరు.

డప్పులు మోగుతున్నాయి, ఊరేగింపు మెల్లగా నడుస్తోంది. మధ్యాన్నం ఎండ మాడ్చేస్తోంది. గాలి మారింది. గట్టు మీంచి సముద్రంలోకి తోసే గాలి, మోటారు ఆగిన పడవని నడిసముద్రంలోకి లాక్కుపోయే గాలి. కాసులమ్మ సముద్రం వైపు చూసింది. ఇంకా ఫోను రాలేదేటి? పక్కన నడుస్తున్న తోడికోడలు పైడమ్మతో, "నా బొడ్లో ఫోను తీసి చూడవే" అంది. పైడమ్మ తీసి చూసి, "సిగ్నల్ లేదక్కా, ఒక్క గీత కూడా లేదు. నాదీ అంతే" అంది. అప్పుడు అర్థమైంది. గురువులు పెట్టె ఎప్పుడో నొక్కీశాడు! తల్లి పలికినప్పుడు అన్నవాడు, ఊరేగింపు మొదలైనప్పుడే నొక్కీశాడు. మర్యాద ఇంకొంచెం ఎక్కువుంటాదని కాబోలు.

కాసులమ్మ ఘటంతోనే పందిరికాడికి నడిచిపోయింది. డప్పులు ఆగాయి. "మావా, పెట్టె తీయించు. నా మొగుడు సముద్రంలో ఉన్నాడు, మోటారు బాగోలేదు, ఫోను చేత్తానన్నాడు" అంది. గురువులు చుట్టూ చూశాడు. ఊరంతా చూస్తోంది. "నువ్వే కదేటి ఫోన్ల నోరు కట్టమన్నావు? గంటలో అయిపోతాది, ఓర్చుకో" అన్నాడు. "గంటకి నా మొగుడు ఎంత దూరం కొట్టుకుపోతాడో నీకు తెలీదా? నువ్వు సముద్రం చూడలేదేటి?" అంది. జనంలో గుసగుసలు. అప్పుడు గురువులు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి ఏటన్నాడంటే, "ఓలె, నీ మాట మీద తీయించేననుకో, రేపు ప్రతోడూ తన మొగుడు, తన పెళ్ళాం, తన బేరం అంటాడు. నాను నిన్ను అడుగుతాను. నువ్వు తల్లి పేరు చెప్పు చాలు. మరుక్షణం తీయించేత్తాను, నీకూ మర్యాద, నాకూ మర్యాద" అన్నాడు. చూశారా, దారి చూపించాడు. సుళువైన దారి. ఒక్క మాట అనాల, అంతే. మీరైతే ఏం చేద్దురు? నేనైతే అనేసేవాణ్ణి, అబద్ధమెందుకు?

డప్పు మళ్ళీ మొదలెట్టమన్నాడు. దడదడ కొడుతున్నారు. ఆడవాళ్ళు "అను తల్లీ, అనీ" అని కళ్ళతోనే బతిమాలుతున్నారు. గురువులు ముందుకొచ్చి గట్టిగా, "ఎవరమ్మా పలుకుతున్నది?" అని అడిగాడు.

"నాను కాసులమ్మని" అంది. డప్పు కొట్టేవాళ్ళు కొట్టడం మానేశారు. "దానయ్య పెళ్ళాన్ని. నాకేమీ పూనలేదు. నా మొగుడు సముద్రంలో ఉన్నాడని చెప్పడానికి నాకు గంగమ్మ కావాలేటి? గంగమ్మ అడిగితే తీత్తావు, ఆడది అడిగితే తీయవా? నాను కట్టమన్నది సిగ్గులేనోడి నోరు మావా, ఊరందరి చెవులు కాదు. ఎవడిదైనా మోగితే వాణ్ణి తిట్టు, చెవి మెలెయ్యి, బయటికి గెంటు. అంతేగానీ సముద్రంలోంచి పిలిచేవాడి పిలుపు ఆపడానికి నువ్వెవడివి?" అంది.

తప్పు తమదైతే గురువుల్లాంటి పెద్దమనుషులు ఏం చేస్తారు? కోపం తెచ్చుకుంటారు. "ఘటం ఎత్తుకుని ఇంత మాటంటావా?" అన్నాడు. "ఎత్తుకున్నాననే కదా నీ ధైర్యం, చేతులు ఖాళీ లేవని? ఇదిగో, నువ్వెత్తుకో" అని, ఘటం తీసి గబుక్కున ఆయన నెత్తిన పెట్టీసింది! ఇంకేం చేస్తాడు పాపం, నేల మీద పెట్టకూడదు కదా, రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఊరంతటికీ పెద్ద, ఘటం ఎత్తుకుని స్తంభంలాగ నిలబడిపోయాడు. తీసుకోడానికి ఇంకొకడు రాడు, ఉపవాసం ఉన్నవాళ్ళే ముట్టుకోవాల. ఉపవాసం ఉన్న ఆడవాళ్ళేమో అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. కాసులమ్మ వెళ్ళి పందిట్లో ఆయన కుర్చీ కింద నుంచి ఆ పెట్టె బయటికి లాగి, బ్యాటరీ తీగలు పట్టుకుని ఒక్క పీకు పీకింది.

తర్వాత జాతరంతా ఫోన్లే ఫోన్లు. టింగుమని ఒకటి, గణగణమని ఒకటి. ఒక్కడు కూడా నవ్వలేదు. కాసులమ్మ ఫోను మోగింది. చెవికి పెట్టుకుంది. అవతల దానయ్య గొంతు, గాలి హోరులో. "ఎన్నిసార్లు చేసేనే... మోటారు చచ్చిపోయింది... లైట్‌హౌసు సన్నగా అవుపడతంది, కాసేపుంటే అదీ అవుపడదు... ఇంక నువ్వు పలకవేమో అనుకున్నాను" అని ఏడ్చాడంట. ఎప్పుడూ ఏడవని మనిషి. కాసులమ్మ కూడా ఏడ్చింది, ఏడుస్తూనే లైట్‌హౌసు ఏ పక్కనుంది, గాలి ఏ చెంపకి కొడుతోంది, అన్నీ అడిగి కేకేసి చెప్పింది. మగవాళ్ళు లేచారు గానీ వేపతాడు కాడ ఆగిపోయారు. కట్టు కదా. "తల్లికి కోపమొస్తే నా మీదకి రమ్మనండి, నాకు అలవాటే" అని ముందు ఆవిడే తాడు దాటేసింది. ఇంకెవరాగుతారు? రెండు పడవలు నీళ్ళలోకి తోశారు. గురువులు ఘటం నెత్తిన పెట్టుకునే ఒడ్డుదాకా పరిగెత్తుకొచ్చి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి "ఎడమకి తిప్పండర్రా, ఎడమకి!" అని అరిచాడు. చెప్పాను కదా, చెడ్డవాడు కాదని.

పొద్దు వాలకుండానే దానయ్యని తెచ్చారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది గానీ ప్రాణంతో తెచ్చారు. ఆ తర్వాత పెట్టె మళ్ళీ కనిపించలేదు. ఇప్పుడు మా జాతరలో తల్లి పలికేటప్పుడు ఎవడి ఫోనైనా మోగితే, మర్నాడు పందిరంతా వాడొక్కడే విప్పాల. ఒకడు విప్పాడు, అంతే, ఇంక మోగలేదు.

అయితే ఊళ్ళో ఇప్పుడు ఏం చెప్పుకుంటున్నారంటే, "అది కాసులమ్మ కాదు, తల్లే పూనింది, లేకపోతే ఒక ఆడది ఊరిపెద్ద నెత్తిన ఘటం పెడుతుందా?" అని. గురువులు కూడా అదే చెప్తాడు, ఆయనకి అలా బాగుంటుంది. ఈ మాట చెవిన పడిందంటే చాలు, కాసులమ్మ చేస్తున్న పని వదిలేసి, అన్నవాడి గుమ్మం ముందు నిలబడి అడుగుతాది, "తల్లి చేసిన పనులు తల్లి ఖాతాలో రాయండి, నాకేం అడ్డం లేదు. ఇది నాను చేసేను. మళ్ళీ అయినా చేత్తాను. ఏం, నమ్మడానికి అంత కష్టంగా ఉందేటి?" అని. అందుకే నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు మీ ఊరెళ్ళి తల్లి పూనిందని చెప్పుకుంటే మీ ఇష్టం. ఆవిడ మీ గుమ్మంలోకి వస్తే నన్ను పిలవకండి.