మూడో స్క్రీన్ వెనక వరుస

మన థియేటర్ మూతపడుతున్న ఈ రోజు సభకు పెద్దగా కూర్చున్న మా కంపెనీ డైరెక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఐదు స్క్రీన్ల మధ్య నాతోపాటు కాళ్లరిగేలా తిరిగిన తోటి ఉద్యోగులకు, టిక్కెట్టు కొనకుండా ఈ భవనంలో ఇవాళే మొదటిసారి అడుగుపెట్టిన మా ప్రేక్షకులకు నమస్కారం. (నవ్వులు)

డైరెక్టరు గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఆ మాటల్లో సగం నేను ఉద్యోగంలో ఉండగా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది, సరే, అది పక్కన పెడదాం. నాలుగు ముక్కలు మాట్లాడి, ఈ పూలగుత్తి పుచ్చుకుని, నవ్వుతూ దిగిపోదామనే నేనూ వచ్చాను. కానీ చివర్లో ఆయన ఒక మాటన్నారు. "జనం ఇళ్లల్లో ఫోన్లు చూడ్డానికి అలవాటు పడిపోయారు, థియేటర్‌ని వాళ్లే వదిలేశారు, మూసెయ్యక మనమేం చేస్తాం" అన్నారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. క్షమించాలి, పెద్దవారు, ఎదురుగా కూర్చున్నారు, అయినా ఆ మాట మింగి ఇంటికి వెళ్తే నాకు అన్నం సహించదు.

ఈ థియేటర్ కట్టేనాటికి ఇక్కడ ఊరే లేదు. ముళ్లకంపలు, అమ్ముడుపోని ప్లాట్లు, వానొస్తే మోకాలి దాకా బురద. నేను తలుపు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో చేరాను. "అక్కడికి సినిమాకి కాకులు కూడా రావే" అని మా ఆయన ఏడిపించేవారు. కాకుల సంగతేమో గానీ మనుషులు వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో నడిచి, మెట్ల దగ్గర కుళాయి కింద కాళ్లు కడుక్కుని మరీ వచ్చారు. తర్వాతే వీధులొచ్చాయి, దుకాణాలొచ్చాయి, బస్సు వచ్చింది, ఆ బస్టాపుకి మన థియేటర్ పేరే పెట్టారు. పాప్‌కార్న్ వరసలో పోట్లాడుకుని పరిచయమై పెళ్లి చేసుకున్నవాళ్లు ఇక్కడే రెండో వరుసలో ఉన్నారు, ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. (నవ్వులు) ఇంత చేసిన జనం మనల్ని వదిలేశారా? ఎలా వదిలేశారో నేను కళ్లారా చూశాను. చెప్తాను, వినండి.

అదిగో, ఆ స్తంభం పక్కన చక్రాల కుర్చీలో ఉన్నారు, లెక్కల టీచరు గారు. ఈ చుట్టుపక్కల సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. భర్తతో కలిసి ప్రతి శుక్రవారం మొదటి ఆటకు వచ్చేవారు. ఆయన పోయారు, తర్వాత ఆవిడ పడి నడుము విరగ్గొట్టుకున్నారు, అయినా శుక్రవారం మానలేదు. కోడలు తోసుకుంటూ తీసుకొచ్చేది. అత్తాకోడళ్లకు ఇంట్లో మాటల్లేవట, సినిమా బాగాలేదని తిట్టడానికి మాత్రం ఇద్దరూ ఒకటయ్యేవారు. అమ్మాయీ, తల దించుకోకు, మీ అత్తగారే చెప్పారు. (నవ్వులు) మూడో స్క్రీన్లో వెనక వరుస పక్కన, గుమ్మం ఎత్తులోనే, కుర్చీ పట్టేంత ఖాళీ ఉండేది. ఆ హాల్లో ఆవిడ ఒక్క మెట్టు కూడా దిగకుండా కూర్చోగల చోటు అదొక్కటే.

కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు పడుకునే సోఫాలు వేయించారు. ఆ ఖాళీలో కూడా ఇద్దరు పట్టే సోఫా ఒకటి బిగించారు. అప్పటికి నేను మేనేజర్ని. ఆఫీసుకు ఫోన్ చేసి, "సార్, అక్కడ ఒక పెద్దావిడ కూర్చుంటారు" అన్నాను. "ముందు వరుసలో కూర్చోబెట్టండి" అన్నారు. "ముందుకు మెట్లున్నాయి సార్" అన్నాను. "వెనక సందులోంచి తలుపుంది కదా, అటు తీసుకురండి" అన్నారు. ఆ సందులో ఏముంటుందో మా స్వీపరు చెప్పాలి. చెత్త డబ్బాలుంటాయి. మనం పారేసే చెత్త బయటికి పోయే దారిలోంచి ఆవిడను లోపలికి తెమ్మన్నారు.

శుక్రవారం వచ్చింది. తలుపు దగ్గరే టీచరు గారు ఆగిపోయారు. సోఫా వైపు చూశారు, నా వైపు చూశారు. కంపెనీ ఏరియా అధికారి ఒకాయన ఆ రోజు తనిఖీకి వచ్చి ఉన్నాడు. ఇద్దరు గార్డులను పిలిచి, "ఏం పర్లేదమ్మా, వీళ్లు మిమ్మల్నెత్తి సోఫాలో పడుకోబెడతారు" అన్నాడు.

"నన్నెత్తడానికి నేనేమన్నా సిమెంటు బస్తానా నాయనా?" అన్నారావిడ.

గార్డులు ఒకడుగు ముందుకేశారు. అప్పుడు కోడలు కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడింది. "మా అత్తయ్య మీద చెయ్యేస్తే మర్యాదగా ఉండదు" అంది. ఆ అమ్మాయి అంత గట్టిగా మాట్లాడగలదని నాకు తెలియదు, అత్తగారికీ తెలియదనుకుంటాను, కోడలి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయారు.

అత్తాకోడళ్లిద్దరూ తలుపు పక్కనే ఆగిపోయారు, కదలలేదు. టిక్కెట్లు పట్టుకుని వచ్చినవాళ్లు ఆగారు. "ఏంటి టీచర్, ఇక్కడున్నారు?" అన్నాడు బస్సు డ్రైవరు, ఆవిడ శిష్యుడే. సంగతి విన్నాడు. లోపలికి వెళ్లలేదు, నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత పళ్ల డాక్టరు, ఆయన భార్య. తర్వాత ఎవరో నాకు ముఖం కూడా తెలియని కుర్ర జంట. చూస్తుండగా ఇదిగో, మనం కూర్చున్న ఈ నడవ అంతా నిండిపోయింది. లోపల బొమ్మ మొదలైంది, చూసే నాథుడు లేడు. ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ బాబాయ్ పైనుంచి దిగొచ్చి, "ఎవరికి వెయ్యమంటావమ్మా బొమ్మ? సోఫాలకా?" అన్నాడు.

"ఆపెయ్ బాబాయ్. పానా పట్టుకురా" అన్నాను.

అధికారి అరుస్తూనే ఉన్నాడు. నేనూ బాబాయీ మోకాళ్ల మీద కూర్చుని బోల్టులు విప్పాం, డ్రైవరూ డాక్టరూ సోఫా మోసి నడవలో పెట్టారు, టీచరు గారు తన చోటికి వెళ్లారు, బొమ్మ మళ్లీ మొదటినుంచి వేశాం. అది పరమ చెత్త సినిమా. (నవ్వులు) అలాంటి చప్పట్లు మాత్రం నేను మళ్లీ వినలేదు.

తర్వాతేమైంది? నాకు మెమో వచ్చింది. మేనేజర్ని తీసుకెళ్లి టిక్కెట్ కౌంటర్లో కూర్చోబెట్టారు. దానికి నాకు బాధ లేదు, కౌంటర్లో ఉంటే జనం మొహాలు కనిపిస్తాయి. సోఫాను మాత్రం మర్నాడే మళ్లీ బిగించేశారు. టీచరు గారు ఇంక రాలేదు. డ్రైవరు రాలేదు, డాక్టరు రాలేదు. ప్రతి శుక్రవారం కౌంటరు అద్దం వెనక కూర్చుని నేను రానివాళ్లను చూశాను. ఆఫీసు వాళ్లేమో ఫోన్లు చెడగొట్టాయి, టీవీలు చెడగొట్టాయి, జనం అభిరుచే చెడిపోయింది అని మీటింగులు పెట్టుకున్నారు. అయ్యా, బురదలో నడిచి వచ్చిన జనం వాళ్లు! వాళ్లకు అభిరుచి నేర్పడానికి మనమెవరం? వాళ్లు మనల్ని వదల్లేదు. మనమే వాళ్లను గెంటేశాం, గెంటేసి, పోయారు పోయారు అని ఏడుస్తున్నాం.

గొంతు పెరిగితే మన్నించండి. ఇన్నేళ్లు "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని చెప్పిచెప్పి నా వంతు అరుపులన్నీ మిగిలిపోయాయి.

మా ఆయనకు, నా కోపాన్ని కూరతో పాటు భరించినందుకు కృతజ్ఞతలు. నా తోటివాళ్లకు, మెమోకు భయపడి కూడా నాతో మాట మానుకోనందుకు కృతజ్ఞతలు. డైరెక్టరు గారూ, పిలిచి మైకు ఇచ్చినందుకు మీకు కూడా, నిజంగానే.

సభ మూడో స్క్రీన్ హాల్లో కాకుండా ఈ నడవలో ఎందుకు పెట్టించానని ఇందాక మీరు అడిగారు. పొద్దున హాలు ఖాళీగా లేదండి, నేనూ బాబాయీ అందులో పని మీద ఉన్నాం. ఆ సోఫా ఇప్పుడు వెనక సందులో, చెత్త డబ్బాల పక్కన ఉంది. ఈసారి నాకు మెమో ఇవ్వడానికి వీల్లేదు, ఇవాళ్టితో నేను మీ ఉద్యోగిని కాను. (చప్పట్లు)

బాబాయ్ పైకి వెళ్లాడు, చివరి ఆట సిద్ధంగా ఉంది. అందరూ ఒక్క నిమిషం పక్కకు తప్పుకోండి. కోడలమ్మా, కుర్చీ తిప్పు, ముందు మీ అత్తగారు లోపలికి వెళ్తారు. సెలవు.