కొత్త వెర్షన్‌లో పాత గొంతు

"చవకదే చాలంటున్నాను కదా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఇంకోసారి చెప్పు."

"చవకదే చాలు."

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మెకానిక్ గొంతు ఆపరేషన్‌లో పోయింది. అప్పటినుంచి ఆయన వేలితో టాబ్లెట్ మీద కొట్టడం, అది పైకి చదవడం. ఆ చదివే గొంతుకి కోపం లేదు, నవ్వు లేదు, తొందర అసలే లేదు. అందులోని సాఫ్ట్‌వేర్ ఈ నెలతో ఆగిపోతుందట. కొత్త వెర్షన్ కొంటారో, వేరేది చూసుకుంటారో రేపటిలోగా చెప్పాలి. భార్య వంటగదిలో గిన్నెలు తోముతోంది, ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, కూతురు పిచ్చుక ముందుగదిలో హోంవర్క్ రాసుకుంటోంది.

"సాఫ్ట్‌వేర్ అతను చెప్పింది సరిగ్గా విన్నావా?"

"విన్నాను. కొత్త వెర్షన్‌కి ఏటేటా కట్టాలి. చవకది ఇంకో కంపెనీది, ఒక్కసారి కొంటే చాలు. ఇప్పుడు నువ్వు మాట్లాడే గొంతు అందులోనూ ఉంది. నాకు వినిపించాడు కూడా. అచ్చం నువ్వే."

"అచ్చం నేనా."

"అంటే, ఇదే గొంతని."

"ఇది నేను కాదు. బ్యాంకులో టోకెన్లు పిలిచేది కూడా ఇదే."

"అవును, ఆ రోజు పిచ్చుక ఎంత గోల చేసిందో. నాన్న పిలుస్తున్నాడు, మూడో కౌంటర్ దగ్గరికి రమ్మంటున్నాడు అని. క్యూలో అందరూ ఒకటే నవ్వు."

"నేను నవ్వలేదు."

"నువ్వు లేవుగా అక్కడ."

"ఇంటికొచ్చి చెప్పావు. అప్పుడు నవ్వలేదు."

"నవ్వావనుకున్నాను. కాస్త జరుగు, ఆ మూకుడు అందుకోవాలి."

"కొత్త వెర్షన్‌లో నా గొంతే పెట్టుకోవచ్చు."

"పెట్టుకోవచ్చన్నాడు. ఊరికే పెడతానన్లేదు."

"పాత రికార్డింగులు అరగంటవి ఇస్తే చాలట. దాన్నుంచి నా గొంతు తయారవుతుందట. నేను ఏం కొడితే అది నా గొంతుతో చదువుతుందట."

"రికార్డింగులు ఎక్కడున్నాయి? గాల్లోంచి తెస్తావా?"

"పెళ్ళి వీడియో."

"అందులో అన్నీ పాటలే. నువ్వు నోరు తెరిచింది ఒక్కసారి, కుర్చీ జరపమనడానికి."

"నా పాత ఫోను."

"బకెట్లో పడిందిగా."

"మా అక్కకి పంపిన వాయిస్ మెసేజులు."

"మీ అక్క ఫోన్ మార్చేసింది. అడిగాను."

"ఎప్పుడు అడిగావు?"

"అడిగానులే."

"నేను నిన్న అడిగాను. నువ్వు అడగలేదంది."

"అయితే అడుగుదామనుకుని మర్చిపోయుంటాను. ఆగు, కుళాయి కట్టేయనీ. ఇప్పుడు చెప్పు, ఏంటి?"

"చెప్పనిది నువ్వు."

"డబ్బు గురించే చెప్తున్నాను. ఏటేటా అంటే మాటలా?"

"నా ఆపరేషన్‌కి చెవికమ్మలు అమ్మేశావు. నన్ను అడగనైనా లేదు. దీనికి మాత్రం డబ్బు చూస్తున్నావు."

"అప్పుడు ప్రాణం. ఇప్పుడు గొంతే కదా."

"గొంతే కదా."

"నా మాట నాకే అప్పజెప్పకు. వెక్కిరించావో, బాధపడ్డావో తెలిసి చావదు దాంతో."

"అందుకే మార్చమంటున్నాను."

"మారిస్తే మాత్రం ఏం ఒరుగుతుంది?"

"ధన్యవాదాలు. మళ్ళీ రండి."

"ఏంటది?"

"దుకాణంలో వాడే బటన్ తగిలింది."

"ఎక్కడికి రమ్మంటావు? నా వంటింట్లోనే ఉన్నాను."

"నవ్వొస్తే నవ్వు. పరవాలేదు."

"చూశావా, ఇదే బాగుంది. దీంతో మనకేం తక్కువైంది చెప్పు. నువ్వు కొడుతుంటే నేను ఓ గిన్నె తోముకుని వచ్చి వినొచ్చు. నీకు కోపమొచ్చినా కొట్టేలోపు చల్లారిపోతుంది. పిచ్చుక పడుకుంటే ఉలిక్కిపడి లేవదు. పక్కింటావిడ ఏమంటుందో తెలుసా, మీ ఆయనంత నెమ్మదస్తుడు ఈ వీధిలోనే లేడంటుంది."

"నేను నెమ్మదస్తుణ్ణి కాదు."

"ఆవిడ కొత్తగా దిగింది. ఆవిడకేం తెలుసు."

"ఇదివరకు నన్ను మీరు అనేదానివి. ఎప్పుడు మానేశావు?"

"ఏమో. నేనూ చూసుకోలేదు. తప్పా?"

"తప్పని కాదు. ఇప్పుడే గుర్తొచ్చింది."

"మీరు అనమంటే మీరు అంటాను. దానిదేముంది."

"వద్దు. నేను చెప్పేది విను. ఆపరేషన్ నాటికి పిచ్చుక పాకుతోంది. దానికి నా గొంతు తెలీదు. ఒక్కసారైనా నా గొంతుతో దాన్ని పిలవాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. టోకెన్ మిషన్‌లా దాన్ని పిలవాలంటే చచ్చేంత చిన్నతనంగా ఉంది."

"దానికి లేదు కదా చిన్నతనం."

"నాకుంది."

"ఊఁ."

"నీ దగ్గర రికార్డింగులున్నాయి."

"ఏం రికార్డింగులు?"

"ఈ అరలోనే, డబ్బాల వెనక ఫోను నిలబెట్టేదానివి. ఎర్ర చుక్క వెలుగుతుండేది. రెండు మూడుసార్లు చూశాను."

"చూసి అడగలేదే?"

"అప్పుడు పట్టించుకోలేదు. ఆసుపత్రిలో మాట లేకుండా పడుకున్నప్పుడు గుర్తొచ్చింది. నా గొంతు పోతుందని తెలిసి ముందే దాచుకున్నావనుకున్నాను. అక్కడున్నన్నాళ్ళూ అదే తలుచుకుని బతికాను."

"అవునా."

"చెప్పు."

"చేతులు తుడుచుకోనీ."

"తుడుచుకున్నావు."

"అప్పటికి నీకు గొంతు నొప్పి కూడా రాలేదు."

"అర్థం కాలేదు."

"నేను ఫోను పెట్టిన రోజులకి. నీకు ఏ జబ్బూ లేదు. బ్రహ్మాండంగా ఉన్నావు."

"మరి ఎందుకు?"

"మా అన్నయ్యకి వినిపిద్దామని. నోటితో చెప్తే నమ్మలేదు. బావ అలాంటివాడు కాదు, నువ్వే ఏదో అనుంటావన్నాడు. అందుకని పెట్టాను. వాడికి వినిపించి, పిచ్చుకని తీసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. బట్టలు కూడా సర్దుకున్నాను. అంతలో నీ రిపోర్టులొచ్చాయి."

"రిపేరుకి రెండు రోజులు పడుతుంది."

"మళ్ళీ వేరే బటన్ తగిలింది."

"అవును."

"నెమ్మదిగా కొట్టు. తొందరేం లేదు."

"ఎంత ఉంది?"

"అతను అడిగినదానికంటే ఎక్కువే. నీ గొంతు శుభ్రంగా పడింది. మధ్యమధ్యలో నా ఏడుపు అడ్డం వస్తుంది, అది తీసేయొచ్చేమో అడగాలి. మాటలు ఏవైనా పరవాలేదన్నాడుగా, గొంతు దొరికితే చాలన్నాడుగా. కావాలంటే ఇచ్చేస్తాను. రేపే ఇస్తాను."

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"దాచలేదు. తీసెయ్యలేదు, అంతే. వినలేదు కూడా. నాకిప్పుడు నీ మీద కోపం లేదు. కోపం లేదు, ఇంకోటీ లేదు. మందులు టైముకి ఇస్తున్నాను, బట్టలు ఉతుకుతున్నాను, రోజు గడుస్తోంది. కానీ ఆ గొంతు మళ్ళీ ఈ ఇంట్లో వినపడితే నా చేతిలో గిన్నె నిలవదు. అది పిచ్చుకా అని ముద్దుగా పిలిచినా నిలవదు. అందుకే చవకది చాలన్నాను."

"ఒకటి పెట్టు."

"వద్దు."

"పెట్టు. నేను వినాలి."

"పిచ్చుక ఉంది అక్కడ."

"సౌండు తగ్గించు."

"ఎంత తగ్గించినా నువ్వు తగ్గవు అందులో."

"పెట్టు."

"సరే. ఇదిగో."

"'...నోర్మూసుకుని పడుండవే. నిన్నెవరడిగారు? ఇంకో మాట మాట్లాడావంటే పిల్లతో సహా బయటికి ఈడ్చేస్తా. ఏంటా చూపు? ఏంటే, ఏంటా చూపు...'"

"ఆపేశాను. ఆపేశాను, చూడు."

"అమ్మా."

"ఏంటి పిచ్చుకా?"

"ఎవరో వచ్చి అరుస్తున్నారు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు కదా?"