గౌస్‌సాబ్ ముత్తాత వచ్చిన దావ

"రండి రండి, దగ్గరికి రండి. అంత దూరాన కూర్చుంటే కథ సగం గాలికే పోతాది. ఏమే ఫరీన్, మీ తమ్ముని ముక్కు తుడిచి ఈడ కూర్చోబెట్టు. రేయ్ అనిలూ, ఆ సైకిలు గోడకు ఆనించి రా. కథ నడిమధ్యలో బెల్లు కొట్టినావంటే నాకు దావ తప్పుతాది."

అంటూ పరుపుల గౌస్‌సాబ్ పీర్ల చావిడి అరుగు మీద కాళ్ళు మడిచి, ఊరి పిల్లలనందరినీ చుట్టూ చేర్చుకున్నాడు. నిజానికి అది ఆయన నోరు మూసుకుని ఉండాల్సిన సాయంత్రం.

మర్నాడు పీర్ల పండుగ గుండం. పెనుకొండ గుట్టల వెనక ఉన్న ఆ పల్లెలో గుండానికి మొదటి నిప్పు వేసేది తరతరాలుగా గౌస్‌సాబ్ ఇంటివాళ్ళు, పీరును ఎత్తుకునేది గొర్రెల హనుమంతప్ప ఇంటివాళ్ళు. ఎవరిది ఏ దేవుడని అడిగే తీరిక అగ్గికి ఎప్పుడూ లేదు. ఈ ఏడు మాత్రం పైనుంచి ఒక ఆర్డరు దిగింది. కానిస్టేబుల్ రమేష్ పొద్దున్నే మోటారు సైకిలు మీద వచ్చి చదివి వినిపించాడు. నలుగురికి మించి గుమిగూడరాదు. డప్పు కొట్టవచ్చు గానీ చప్పుడు రాకూడదు. గుండం చుట్టూ ఎగిరేవాళ్ళు ఎగరబోయే ముందు తెలియజేయాలి. నిప్పు వేసేవాడు తాతముత్తాతల నుంచి ఇక్కడివాడే అయి ఉండాలి, బయటినుంచి వచ్చిన వంశమైతే గుండం ఛాయలకే రాకూడదు. ఊపిరి పీల్చడం గురించి అందులో ఏమీ రాయలేదు కాబట్టి అదొక్కటి ఇప్పటికి మన ఇష్టమేనని ఊరంతా సంతోషించింది.

"దీపాలు పెట్టే పొద్దుకు వస్తా. నిప్పు వేసేవాని పేరు రాసుకోవల్ల" అని చెప్పి రమేష్ పోయాడు.

అప్పుడే హసీనాబీ మొగుణ్ణి గుమ్మంలో నిలబెట్టి చెప్పింది. "పెండ్లిలో, చావులో, హిందూపురం బస్సులో, యాడ చూసినా మా వంశం ఇరాన్‌ది, మా వంశం ఇరాన్‌ది అని కోతలు కోసినావు. ఈ ఒక్క పొద్దు గమ్మునుండు. లేకుంటే రేపు నీ గుండం నువ్వే దూరం నుంచి చూస్తావు."

గౌస్‌సాబ్ తల ఊపాడు. ఆయనకూ భయం లేకపోలేదు. వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని వేయించిన నిప్పు అది. ఆ నిప్పు తప్పిపోతే ఆయన ఇక ఊళ్ళో పరుపులు కుట్టే మనిషే తప్ప మరేమీ కాడు. కానీ అరుగు మీద కూర్చున్నాక అనిల్ అడగనే అడిగాడు: "తాతా, మీ ముత్తాత ఇరాన్ నుంచి నిజంగా నడిచొచ్చినాడా?" దురద పుట్టినచోట గోకకుండా ఉండగలిగినవాడు యోగి. గౌస్‌సాబ్ యోగి కాడు.

"నడిచొచ్చినాడా అంటే, ఊరికే నడిచినాడనుకున్నావా? భుజాన దూదేకే విల్లు, చంకలో ఒక దుప్పటి, అంతే. దావలో ఎన్ని రాజ్యాలు తగిలినాయో నాకే లెక్క తెలీదు, ఏ రాజ్యంలోనూ నువ్వెవరు, మీ నాయనెవరు అని అడిగినోడు లేడు, అందరూ అడిగింది ఒకటే, ఏమప్పా, మాకొక పరుపు కుట్టి పోతావా అని. కుట్టినాడు. ఒక్క జామున ఒక పరుపు. ఇప్పుడు మిషను పెట్టుకున్నా నాకు పొద్దంతా పట్టే పని."

అరుగు కింద చింతపండు గింజలు కొడుతున్న మునియమ్మ తల ఎత్తకుండానే, "ఒక్క జామునా!" అంది. ఆమె గొంతులో మెప్పు ఉందో మరేముందో గౌస్‌సాబ్ పట్టించుకోలేదు.

"ఒక్క జామునే అవ్వా. ఆ విల్లు టింగుమనిందంటే దూది ఎంత పలచగా ఏకేదో తెలుసునా? రాళ్ళు పెట్టి అణిచిపెట్టుకోవల్ల, లేదంటే ఎగిరిపోయేది. ఒకసారి రాయి పెట్టేది మర్చిపోయినాడు. దూదంతా లేచి ఆకాశానికి పోయింది. పోయి ఏమైందో చెప్పుకోండి చూద్దాం? మేఘమైంది! పోయి ధర్మవరం మీద నిలబడింది. ఆడ నేసేవాళ్ళు నిచ్చెనలేసుకుని ఎక్కి, ఆ మేఘాన్ని పోగులు తీసి, ఒక చీర నేసినారు. ఆ చీర కట్టుకున్నామె నడుస్తాంటే వెనకాలే వాన పడేది."

"మరి ఆమె మన ఊరికి ఎందుకు రాలేదు మామా? ఈ ఏడు శనక్కాయ ఎండిపాయ" అన్నాడు హనుమంతప్ప, బీడీ వెలిగించుకుంటూ.

"రానిచ్చినారా ఆమెను? ఆడికే వస్తాండా. అప్పుడు పెనుకొండ కోటలో ఒక కొత్వాలు ఉండినాడు. వానికి ఒకటే జబ్బు, జనం సుఖంగా ఉంటే వానికి కడుపులో నొప్పి. ఆ మేఘం ఎవర్ని అడిగి ఆడ నిలబడిందని కేసు పెట్టినాడు. మేఘం పారిపాయ, మా ముత్తాత దొరికిపాయ. కోట వాకిట్లో నిలబెట్టి, యాడి నుంచి వచ్చినావు, ఏడు తరాల పేర్లు చెప్పు అన్నాడు. మా ముత్తాత డెబ్బై తరాలు చెప్పినాడు. చెప్తాంటే రాసుకునేవాడు ముసలోడై చచ్చిపోతే వాని కొడుకొచ్చి రాసుకున్నాడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. గౌస్‌సాబ్‌కు ఊపు వచ్చింది. హసీనాబీ మాట ఎక్కడో చెవి వెనక గీపెట్టి, ఆగిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ముత్తాత పరుపుల మీద పండుకున్నోళ్ళకు కలలు మొదలైనాయి. ఉత్త కలలా అవి? పన్నులు కట్టకుండా బతికినట్టు, యాడికి పోవల్లంటే ఆడికి పోయినట్టు, ఏమనుకుంటే అది మాట్లాడినట్టు. పొద్దున్నే లేచి, నాకు ఇట్ల కల వచ్చింది అంటే నాకూ వచ్చింది అని వీధిలో చెప్పుకునేవాళ్ళు. కొత్వాలుకు తెలిసింది. వెంటనే ఆర్డరు. ఒక ఇంట్లో నలుగురికి మించి నిద్రపోరాదు. కల కనేవాళ్ళు మూడు దినాలు ముందుగా కోటకొచ్చి, ఏం కల కంటారో, కలలో ఎవరెవరు వస్తారో, వచ్చేవాళ్ళు ఏ ఊరోళ్ళో చెప్పి ముద్ర వేయించుకోవల్ల."

"కలల్లో కూడా కెమెరాలు పెట్టినారా?" అంది ఫరీన్.

"కెమెరాలు యాడివే అప్పుడు! మంచానికొక బంట్రోతు. వాడు రాత్రంతా నీ రెప్పలెత్తి లోపల చూస్తా కూర్చుంటాడు. నవ్వుతా నిద్రపోయినావంటే జైలు. హిందూపురం సంతంతా నిద్ర లేక ఊగుతాండేది, బెల్లం కొనేకి వచ్చినోడు ఎద్దును కొనుక్కోని పోయేవాడు. ఇంత జరిగినా జనం ఏమన్నారు? మన మంచికే కదా అన్నారు! దొంగ కలలు రాకుండా కాపాడతాండారు కదా, మనం మంచి కలలే కంటాం, మనకేం భయం అన్నారు."

హనుమంతప్ప బీడీ పొగ వదిలి, "ఈ మాట నేను పొద్దున కూడా విన్నా" అన్నాడు.

"వింటావు. అది చచ్చే మాట కాదు. అప్పుడు మా ముత్తాత ఏం చేసినాడు? కత్తి పట్టలేదు, తిట్టలేదు. కొత్వాలుకే ఒక పరుపు కుట్టి కానుక ఇచ్చినాడు. అయ్యా, మీరు అలసిపోయినారు, పండుకోండి అని. పండుకున్నాడు. వానికొక కల. కలలో వాడు ఒంటేలుకని కోట బయటికి వచ్చినాడు. పని చూసుకుని తిరిగొస్తే వాని బంట్రోతులే ఈటెలు అడ్డం పెట్టి, ఎవర్రా నువ్వు, ఏడు తరాలు చెప్పు అన్నారు. వాడు నాయన పేరు చెప్పినాడు, తాత పేరు చెప్పినాడు, ఆ తర్వాత నీళ్ళు నమిలినాడు. ఎందుకు? వాని ముత్తాత కూడా యాడనుంచో వచ్చినోడే! లోపలికి రానియ్యలేదు. ఆర్నెల్లు వాడు కలలో కోట బయట, ఒళ్ళేమో కోట లోపల గురక. ఆ గురకకు ఫిరంగులు దొర్లి కిందపడినాయి. ఇంక ఆ ఆర్నెల్లూ ఒక్క ఆర్డరు లేదు. ఆర్డర్లు లేకపోతే ఏమైపోతాదో దేశం అని అందరూ భయపడినారు కదా? ఏమీ కాలేదు! వానలు పడినాయి, గొర్రెలు కవల పిల్లలు పెట్టినాయి. ఆఖరికి పాపమని మా ముత్తాతే పోయి, వాని చెవికాడ విల్లు పెట్టి ఒక్కసారి మీటినాడు. టింగ్! కొత్వాలు లేచినాడు. ఆ చప్పుడుకు కోట వాకిళ్ళ తలుపులన్నీ ఊడి గుట్ట కింద పడినాయి. మళ్ళీ ఎవరూ పెట్టలేదు. నా మాట అబద్ధమైతే రేపే పోయి చూడండి, పెనుకొండ కోట వాకిళ్ళకు తలుపులు ఉండవు!"

పిల్లలు నోళ్ళు తెరిచారు. గౌస్‌సాబ్ గెలిచినవాడిలా మీసం మీద చెయ్యి వేసి, మునియమ్మ వెనక నిలబడి ఉన్న ఖాకీ ప్యాంటును అప్పుడు చూశాడు. రమేష్ ఎప్పుడు వచ్చాడో, మోటారు సైకిలు ఎక్కడ ఆపి నడిచొచ్చాడో ఏమో!

"కథ బాగుండాది గౌస్‌సాబ్," అన్నాడు రమేష్. "నాకొకటే చెప్పు. మీ వంశం ఇరానేనా?"

గౌస్‌సాబ్ మీసం మీది చెయ్యి దించాడు. అవునంటే రేపటి నిప్పు పోతుంది. కాదంటే, ఇంతమంది పిల్లల ఎదుట డెబ్బై తరాలూ పోతాయి.

మునియమ్మే గింజలు కొట్టే రాయి పక్కన పెట్టింది.

"ఇరాన్ లేదు గిరాన్ లేదు సార్. వీళ్ళ ముత్తాత తనకల్లు నుంచి వచ్చినాడు. కరువుకు. నడిచి కూడా కాదు, మావాళ్ళ చింతపండు బండిలో మూటల మీద పండుకోని వచ్చినాడు. పెనుకొండలో దిగాల్సినోడు నిద్ర లేవక ఈడొచ్చి దిగినాడు. మా ఇంట్లో సంగటి తిన్నాడు. ఈ ఊరి సాయిబుల పిల్లను చేసుకోని ఇల్లరికం ఉండిపోయినాడు. ఆ విల్లు కూడా పిల్లనిచ్చిన మామదే!"

అరుగంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులో గౌస్‌సాబ్ చిన్నగా అయిపోయి గోడకు జరిగాడు. రమేష్ మాత్రం నవ్వలేదు.

"తనకల్లన్నా బయటి ఊరే కదమ్మా" అన్నాడు.

"అట్లయితే సార్," అని హనుమంతప్ప లేచాడు. "మావాళ్ళు గొర్రెల్ని తోలుకోని అగళి నుంచి వచ్చినారు. ముసలోళ్ళు ఇప్పటికీ కన్నడంలోనే తిట్టుకుంటారు. రేపు నేను పీరు ఎత్తుకోవచ్చునా, లేదంటే అగళికి పోయి నిలబడల్నా?"

రమేష్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఫరీన్ ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది: "సార్, మీది ఏ ఊరు?"

"అమరాపురం."

"మరి మీరు రేపు గుండం కాడికి వస్తారా?"

రమేష్ కళ్ళు చావిడి మీదుగా గుట్ట వైపు పోయి, తిరిగి వచ్చాయి. "ఈ లెక్కన ఆ గుట్ట ఒకటే ఈ ఊరిది. దాన్నే పిలిచి నిప్పు వేయించల్ల" అని గొణిగాడు. తరువాత గౌస్‌సాబ్ వైపు తిరిగాడు. "చూడు పెద్దాయనా, పైవాళ్ళకు ఒక పేరు కావల్ల, నాకు నా ఉద్యోగం కావల్ల. తనకల్లు అని నీ నోటితో నువ్వు చెప్పు. జిల్లా ఒకటే కాబట్టి లోకల్ అని రాస్తా. ఇరాన్ అన్నావంటే రేపు ఇంట్లో కూర్చో."

గౌస్‌సాబ్ పిల్లల వైపు చూశాడు. అనిల్ ఇంకా నోరు మూయలేదు. ఇరాన్‌ను అంత సులభంగా వదులుకోవచ్చా? కానీ అగ్గిపెట్టె పట్టుకునే చెయ్యి ఒకటి ఉంటుంది గదా, అది ఖాళీగా ఉంటే ఎట్లా?

"తనకల్లు" అన్నాడు నేలను చూస్తూ.

రమేష్ రాసుకుని పోయాడు. మోటారు సైకిలు చప్పుడు దూరమయ్యాక అనిల్ మెల్లగా అడిగాడు: "అంటే తాతా, నడిచొచ్చింది అబద్ధమేనా?"

గౌస్‌సాబ్ అరుగు మీది నుంచి లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"రేయ్, ఇరాన్ నుంచి పెనుకొండకు వచ్చేకి నా కథలో ఎంతసేపు పట్టింది? మునియమ్మవ్వ ఒక గంప చింతపండు కొట్టినంత. తనకల్లు నుంచి బండిలో పండుకోని వచ్చినోడు, వాని కొడుకు, మనవడు, అందరూ ఈడే బతికి ఈడే మట్టిలో కలిసినా, మునిమనవన్ని నేను ఈడే ముసలోన్నయినా, ఇంకా ఈ ఊరికి చేరలేదంట! యాడిది దూరమో ఇప్పుడు మీరే చెప్పండి. పోండి పోండి, మీ అమ్మలు పిలుస్తాండారు. సంగటి వేడిగా ఉన్నప్పుడే ఇండ్లకు పోయి తినండి."