దుర్గాంబక్కయ్య ఊళ్ళో లేని వారం

ఏంటే భవ్యా, ఆ ఫోన్లో ఎవరో నౌను, ప్రొనౌను అంటున్నాడు? డీఎస్సీకా? చదువుకో తల్లీ, నేనేం అడ్డం రాను. కాస్త సౌండు పెంచు, నాక్కూడా వినపడనీ. ఊఁ. బాగానే చెబుతున్నాడు గానీ గొంతులో ఉప్పూ కారం లేదే ఆ అబ్బాయికి. మధ్యమధ్యలో ఎవణ్ణో ఒకణ్ణి తిట్టకుండా గ్రామరు ఎలా వస్తుందే? మా దుర్గాంబక్కయ్య చెబితే వినాలి నౌను. నువ్వు చూళ్ళేదుగా ఆవిణ్ణి, నువ్వు పుట్టకముందే పోయింది పుణ్యాత్మురాలు. మీ తాతయ్యకి వదిన, నాకు తోడికోడలు. ఇదిగో ఈ ఫోటోలో మీ పెదతాతయ్య పక్కన పెద్ద బొట్టు పెట్టుకుని నిలబడిందే, ఆవిడ. ఇలా వచ్చి కూర్చో. ఆ చిక్కుడుకాయల పళ్ళెం కూడా ఇటు లాగు, ఈనెలు తీస్తూ చెబుతాను. చేతికి పని లేకపోతే నాకు మాట సాగదు. మొన్న వైకుంఠపురం గుళ్ళో పారాయణం అయ్యాక ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, శేషారత్నంగారూ ఏదైనా చెప్పండి అంటే ఇదే మొదలుపెట్టాను. మంచి పట్టులో ఉండగా ప్రసాదం వేళయిందని పూజారిగారు ఆపేశారు. నువ్వన్నా పూర్తిగా విను.

అప్పుడు మనం చినరావూరు వైపు ఉండేవాళ్ళం. పెరటి గోడ అవతలే రేపల్లె లైను. ఇంటి ముందు పొడుగాటి వసారా, దానికి ఆనుకుని వంటిల్లు, మధ్యలో ఊచల కిటికీ. ఆ వసారాలోనే మీ పెదతాతయ్య, అదే మా బావగారు, సాంబశివరావు మాస్టారు, సాయంత్రాలు టెన్తు పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవారు. తెనాలి పిల్లలే కాదు, వేమూరు నుంచీ భట్టిప్రోలు నుంచీ కూడా పాసింజరు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన పుస్తకం పట్టుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు. నౌను దగ్గర్నించి ఇంటర్జెక్షను దాకా అంతా నోటి మీదే. ఏ యేడు చెప్పినా అదే వరస, అవే ఉదాహరణలు. ఆయన ఒక ముక్క అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకునేవాళ్ళు. పెరటి వెనక బొగ్గింజను కూత పెట్టుకుంటూ పోతున్నా వీళ్ళ గోలే పైన. కిటికీ ఇవతల దుర్గాంబక్కయ్య పప్పు మెదుపుతూ ఉండేది. ఆవిడది కర్లపాలెం. ఐదో క్లాసులో బడి మానిపించారు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప ఏం రాదు. చెవి మాత్రం, అబ్బ, అది దేవుడిచ్చిన చెవే. మా అత్తగారు రోజూ విష్ణు సహస్రనామం చదువుతుంటే విని విని పట్టేసింది, పుస్తకం తెరవకుండా. నేను ఇప్పటికీ పుస్తకం చూసుకుంటూ కూడా ఎక్కడో ఒక నామం ఎగరేస్తాను. నవ్వకు, స్వామికి తెలుసులే నా సంగతి. మరి అలాంటి చెవికి ఇరవయ్యేళ్ళకి పైగా రోజూ సాయంత్రం ఈ పాఠాలు పడుతుంటే ఊరికే పోతాయా? కానీ అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడకైనా తెలుసో లేదో.

ఆ యేడు మాఘమాసంలో, రథసప్తమి వెళ్ళిన మర్నాడు, బావగారు స్నానం చేసి వస్తూ పెరట్లోనే కూలబడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి వసారాలో మంచం వేశాం. ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి, ఏదీ చెప్పలేరు. అంత గొంతున్న మనిషి. పగలంతా ఎలాగో గడిచేది. సాయంత్రం ట్యూషను వేళయ్యేసరికి కళ్ళు గేటు మీదే. పిల్లలు ఒకరిద్దరు గేటు దాకా వచ్చి, తొంగి చూసి, భయపడి వెళ్ళిపోయేవాళ్ళు. అది చూసినప్పట్నించి జావ తాగడం మానేశారు. చెంచా నోటిదాకా తీసుకెళితే మొహం అటు తిప్పేసేవారు. అక్కయ్య నా దగ్గరికొచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లిగా అంది: "శేషూ, ఈ వసారాలో పిల్లలు లేకపోతే ఈయన ఉండరే." అంతే అంది. ఏడవలేదు కూడా. మర్నాడు బజారుకి వెళ్ళొస్తూ కనబడ్డ పిల్లకల్లా చెప్పిందట, రేపట్నించి మామూలుగా రండర్రా, పరీక్షల దాకా పాఠం ఉంటుంది అని. నేను ఇంకో మాస్టారెవర్నో మాట్లాడిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం పిల్లలొచ్చి చాపల మీద కూర్చున్నారు. అక్కయ్య దీపం పెట్టింది, దణ్ణం పెట్టుకుంది, వచ్చి బావగారి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నేను కిటికీ దగ్గరున్నాను, చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. మొదలుపెట్టింది చూడూ. "ఎ నౌన్ ఈజ్ ది నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్. ఏదీ, అందరూ. ఒరేయ్ చిట్టిబాబూ, గోడ మీద కాకిని చూస్తావేంట్రా వెధవా? సరే, చూస్తే చూశావు, కాకి ఏంటి? కాకి కూడా నౌనే. లే, లేచి చెప్పు." అచ్చం ఆయనే. ఆ విరుపూ ఆయనదే, మధ్యలో ఆ చిన్న దగ్గూ ఆయనదే. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఆ బ్యాచిలో చిట్టిబాబు అనేవాడే లేడు. ఎప్పుడో చదివి వెళ్ళిపోయినవాడు వాడు, బావగారు వాణ్ణి తిట్టని సాయంత్రం ఉండేది కాదులే. ఈవిడకి పాఠం ఎలా వినపడిందో అలాగే మనసులో ఉండిపోయింది, తిట్లతో సహా. తిట్టు తీసేస్తే తర్వాతి ముక్క అందదు ఆవిడకి. సహస్రనామంలో ఒక నామం పోతే దారి తప్పుతాం చూడూ, అలాగన్నమాట. వెర్బు దగ్గర "దుర్గా, మంచినీళ్ళు" అని కేకేసింది, ఆవిణ్ణి ఆవిడే. అప్పుడు నవ్వారు పిల్లలు, పడీపడీ నవ్వారు. నేను బావగారి వైపు చూశాను. మూతి ఒక పక్కకి లాగి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, ఆయన కూడా నవ్వుతున్నారు. ఎడం చేత్తో మంచం పట్టె మీద టకటకా కొడుతున్నారు, ఊఁ కానీ, కానీ అన్నట్టు. ఆ రాత్రి గిన్నెడు జావ తాగారు.

అలా ప్రొనౌను అయింది, వెర్బు అయింది, అడ్జెక్టివు, అడ్వెర్బు అయ్యాయి. ఆవిడ ఎక్కడన్నా తడబడితే పట్టె మీద ఒక దెబ్బ పడేది, వెనక్కెళ్ళి మళ్ళీ అందుకునేది. అర్థం అడిగితే మాత్రం పిల్లల్నే అడిగేది, మీరే చెప్పండర్రా, పుస్తకంలో చూడండి అని. వాళ్ళు చూసి చెప్పేవాళ్ళు. కానీ ఊరన్నాక ఊరుకుంటుందా? బస్టాండు దగ్గర కొత్తగా ట్యుటోరియల్ పెట్టారు అప్పుడే. పిల్లల తల్లిదండ్రుల్లో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారంటే గౌరవమే గానీ, ఆవిడ ఇంగ్లీషు చెప్పడమేంటి, పిల్లల టెన్తు ఏం కావాలి, అని. నేను వాళ్ళని అనను. ఎవరి పిల్లలు వాళ్ళకి ముద్దు. అందరూ కలిసి మాట్లాడి, మెత్తగా చెప్పి పిల్లల్ని మానిపించి రమ్మని ఒకణ్ణి పంపారు. ఎవర్నంటావు? చిట్టిబాబునే. ఆఁ, ఆ చిట్టిబాబే. అప్పటికి రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తా, నెత్తి మీద సగం జుట్టు లేదు. వాడి కూతురు హిమబిందు మన బ్యాచిలోనే ఉంది.

పాసింజరు దిగి తిన్నగా మనింటికే వచ్చాడు. నేను తులసికోట దగ్గరున్నాను, నన్ను చూసి, పిన్నిగారూ, ఒక్క మాట మాట్లాడి వెళతానండి అని ఏదో నసుగుతున్నాడు. గేటు గొళ్ళెం మీద చెయ్యి పెట్టాడో లేదో, వసారాలోంచి అక్కయ్య గొంతు: "ఒరేయ్ చిట్టిబాబూ, ఆలస్యంగా వచ్చిందే కాక గేటు దగ్గర నిలబడి ఏం చూస్తావురా?" నిజంగా వాణ్ణి చూసి కాదే, అది పాఠంలోది. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. వీడు ఏం చేశాడనుకున్నావు? చెప్పులు విడిచేసి, చేతులు కట్టుకుని, "లేదండి మాస్టారూ, వస్తున్నానండి" అన్నాడు. అనేశాక తెలిసింది వాడికి ఏమన్నాడో. పిల్లలు గొల్లున నవ్వారు, హిమబిందు తలకాయ మోకాళ్ళలో దాచేసుకుంది. అక్కయ్య కళ్ళు తెరిచి, ఏరా నాయనా, ఎప్పుడొచ్చావు, అంది. వాడు వెళ్ళి వసారా స్తంభం వెనకాల నిలబడ్డాడు, అక్కడే, చిన్నప్పుడు నిలబెట్టిన చోటే.

కానీ వచ్చిన పని వచ్చిన పనేగా. కాసేపటికి తేరుకుని, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "అమ్మగారూ, ప్రిపోజిషన్ ఎప్పుడు చెబుతారండి? పరీక్షలో తప్పకుండా అడుగుతారు కదండీ." అక్కయ్య చూపు నేల మీద పెట్టింది. నాకు తెలుసుగా సంగతి. ప్రతి యేడూ కార్తీకంలో ఆవిడ కర్లపాలెం వెళ్ళి వారం ఉండేది. పౌర్ణమికి సూర్యలంకలో సముద్ర స్నానం, వెంటనే వాళ్ళ నాన్న ఆబ్దికం. ఎన్నడూ మానలేదు. బావగారు ఇక్కడ సరిగ్గా ఆ వారమే ప్రిపోజిషను చెప్పేవారు. అన్నేళ్ళలోనూ ఆ పాఠం వేళకి వంటింట్లో ఉన్నది నేను, ఆవిడ కాదు. నాకేమో ఒక్క ముక్క నిలవలేదు, నా చెవి అలాంటిది. ఇక అయిపోయింది, రేపట్నించి వసారా ఖాళీ, అనుకున్నాను. ఈయన గతేంటి దేవుడా అనుకున్నాను.

అక్కయ్య తలెత్తి చిట్టిబాబు మొహంలోకి చూసి చెప్పింది. "అది నాకు రాదు నాయనా. అది మాస్టారు చెప్పాలి." చెప్పి లేచింది. ఇద్దరు పిల్లల్ని పిలిచి మంచాన్ని వసారా మధ్యకి లాగించింది. బావగారి వీపు వెనకాల దిండ్లు పేర్చి కూర్చోబెట్టింది. పక్కన స్టూలు వేసి, ఆయన మందు తాగే స్టీలు గ్లాసు ఎడం చేతిలో పెట్టింది. పెట్టేసి తన ముక్కాలిపీట తీసుకుని పిల్లల్లో వెళ్ళి కూర్చుంది. ఆయన ఆ గ్లాసు వంక చూశారు, పిల్లల వంక చూశారు. గ్లాసుని మెల్లిగా ఎత్తి స్టూలు మీద పెట్టారు. పెట్టి, కనుబొమ్మలెగరేశారు, ఏదీ అన్నట్టు. ఎవరో వెనక నుంచి సన్నగా అన్నారు, "ఆన్ ది స్టూల్." మంచం పట్టె మీద టక్కున దెబ్బ, గట్టిగా చెప్పమని. "ఆన్ ది స్టూల్" అన్నారు అందరూ. కళ్ళజోడు తీసి దిండు కింద పెట్టారు. "అండర్ ది పిల్లో." వేళ్ళు గ్లాసులో పెట్టారు, "ఇన్ ది గ్లాస్." ఇంతలో పెరటి వెనక బండి వెళుతుంటే ఆయన చెయ్యి గాలిలో అటు నుంచి ఇటు ఈడ్చారు, పిల్లలకి అదీ తెలిసిపోయింది, "ఫ్రమ్ తెనాలి టు రేపల్లె" అన్నారు. ఆ తర్వాత స్తంభం వైపు వేలు చూపించారు. హిమబిందు లేచి నిలబడి, "మై ఫాదర్ ఈజ్ బిహైండ్ ది పిల్లర్" అంది. ఇక చూసుకో, ఇల్లు ఎగిరిపోయింది. చిట్టిబాబు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అన్నీ అయ్యాక బావగారు అక్కయ్య వైపు చూసి, మంచం మీద తన పక్కన చేత్తో తట్టారు. ఆవిడ సిగ్గుపడి లేవదే. పిల్లలు ఊరుకోరు. చివరికి వచ్చి అంచు మీద కూర్చుంది. "బిసైడ్" అని అరిచారు చూడూ, లైను అవతలి ఇళ్ళవాళ్ళు ఏం జరిగిందోనని బయటికొచ్చారు.

చిట్టిబాబు వెళ్ళేటప్పుడు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆవిడ కాళ్ళకి పెట్టి, పిల్లల సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. అవతలి వాళ్ళకి ఏం చెప్పాడో గానీ మర్నాడు చాపలు చాలక నా కొత్త దుప్పటి కూడా పరిచాం. అందరూ గట్టెక్కారు, ఆ తల్లి దయ. బావగారు మరో నాలుగైదు బ్యాచిలు చూసి దాటిపోయారు, ప్రతి కార్తీకంలోనూ ప్రిపోజిషను ఆయనదే. హిమబిందు బాపట్లలో ఇంగ్లీషు టీచరు ఇప్పుడు. ఇప్పటికీ క్లాసులో "ఒరేయ్ చిట్టిబాబూ, కాకిని చూస్తావేంట్రా" అంటుందట. అది వాళ్ళ నాన్న పేరని పిల్లలకేం తెలుసు.

ఏంటీ? ఆఁ, అక్కడికే వస్తున్నా. నీ బుర్ర మంచిదేనే, నాకా అనుమానం రావడానికి చాలా యేళ్ళు పట్టింది. పరీక్షల ముందు బావగారు మళ్ళీ నౌను దగ్గర్నించి అన్నీ తిరగేసేవారు కదా, ప్రతి యేడూ. అప్పుడు ఈవిడ ఇక్కడే, కిటికీ పక్కనే కదా. ఒకసారి విన్నదేదీ మర్చిపోని మనిషికి ఆ ఒక్కటి ఎలా రాకుండా పోయింది? ఒకరోజు ఇద్దరం కూర్చుని దేవుడికి మాల కడుతుంటే అడిగేశాను, నిజం చెప్పు అక్కయ్యా, నీకు రాదా అని. మొహం ఎత్తలేదు. దారం పంటితో కొరికి, ఇంకో కనకాంబరం అందుకుంది. "ఏమోనే శేషూ. ఆ వారం నేను ఊళ్ళో లేనుగా."

ఊఁ.

కుక్కరు కూస్తోంది, వెళ్ళి కట్టేసి రా. వచ్చేటప్పుడు ఈ ఈనెలు పారబొయ్యి.